చావి తిప్పే మనిషి

నందలూరు
11 మార్చి 1946

కోడుమూరు కాశన్న బావకు,

వెంకటేశ్వర్లు రాసేది. మీరంతా కులాసాగా ఉన్నారని డోన్ స్టేషను పోర్టరు గిడ్డయ్య చెప్పాడు. అందుకని ఆ సంగతి మళ్లీ అడగను. పెట్టె మూత తీసే ముందు ఈ జాబు పూర్తిగా చదువు. నీకు తొందర ఎక్కువ.

పెట్టెలో దూది మధ్య ఒకే గ్రామఫోను ప్లేటు ఉంది, నీలం చీటీది. అది నాది కాదు, ఏసన్నది. ఏసన్న మా లోకో షెడ్డులో ఫైర్‌మ్యాను. వారమంతా ఇంజనుకు బొగ్గు ఎత్తుతాడు. శనివారం సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూటులో దొరల డాన్సు జరిగితే బ్యాండులో ఇత్తడి బూర ఊదుతాడు. రెండేళ్ల కింద మద్రాసులో ఒక అమెరికా సోల్జరు ఊరికి పోతూ ఈ ప్లేటు అతని చేతిలో పెట్టాడట. ఇది మన అంగళ్లలో దొరికేది కాదు. నేను మద్రాసుకు రెండుసార్లు రాసి చూశాను, అట్లాంటి ప్లేటే తెలియదన్నారు.

దీన్ని జాజ్ అంటారు. పోయినసారి పంపిన డాన్సు ప్లేట్లు విని పెళ్లి బ్యాండువాళ్లు కొట్లాడుకుంటున్నట్టుందని రాశావు. ఈసారి అట్లాంటి మాట రాస్తే మన సంబంధం అక్క వరకే. ముందు మొదటి వైపు రెండు రోజులు విను. తరువాతే రెండో వైపు తిప్పు. అందులో అందరూ ఆగిపోయి ఒక్క బూర మిగులుతుంది. దాని కోసమే నేను నిద్రాహారాలు మానుకుంటున్నాను.

ఉక్కు ముల్లు ముట్టించకు. యుద్ధంలో ముళ్లు దొరక్క నువ్వు తుమ్మముల్లు చెక్కి పెట్టుకుంటున్నావని చెబితే ఏసన్న సంతోషించాడు. "మీ బావ ప్లేటుకు నొప్పి తగలకుండా వింటాడప్పా" అన్నాడు. ఆ మాట మీదే ఇచ్చాడు. అక్కకు ఈ గోల ఎట్లాగూ పట్టదు, కాబట్టి ఆమె నూలు కండెల బుట్టను పాట పెట్టె దగ్గరికి రానీయకు.

ఆ ప్లేటు తిరిగి వచ్చేదాకా కుదురు లేని,
వెంకటేశ్వర్లు


కోడుమూరు
4 ఏప్రిల్ 1946

గుమాస్తా బావమరిదికి,

నిన్న ఉగాది. పచ్చడి తిని నీకు రాద్దామని కూర్చుంటే మళ్లీ ప్లేటు పెట్టాలనిపించి లేచిపోయాను. అందుకే ఒక రోజు ఆలస్యం.

నువ్వు చెప్పినట్టు రెండు రోజులు ఆగలేదు. రెండు గడియలు ఆగాను. రెండో వైపు విన్నాక మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని చాలాసేపు పోగు విసిరే నాడె ముట్టలేదు. అంత సందడి చేసినవాళ్లు ఒక్కసారిగా తప్పుకుంటారు చూడు, ఆ బూరవాడు ఒక్కడే నిలబడతాడు. వాడికి భయం లేదనుకున్నాను. నాలుగోసారి వింటే భయం ఉంది, అయినా నిలబడ్డాడని తెలిసింది. ఆ సంగతి ఏసన్నకు చెప్పు, ఏమంటాడో రాయి.

అమావాస్య నాడు మాకు మగ్గం సెలవు కదా, పక్కింటి సోమన్నను, దర్జీ సాహెబును పిలిచి వినిపించాను. సోమన్న చెవి పెట్టెకు ఆనించి, "దీనికి పల్లవి యాడుండాదప్పా?" అని అడిగాడు. అయిపోయాక ఇంకొకసారి పెట్టమన్నదీ అతనే. సాహెబు కళ్లు మూసుకుని తొడ మీద కత్తెరతో తాళం వేశాడు. మేము ముగ్గురం పొద్దు వాలేదాకా అదే మాట్లాడుకున్నాం. కోడుమూరులో జాజ్ గురించి కొట్లాడుకునేవాళ్లు ముగ్గురు తయారయ్యారని మీ ఇన్‌స్టిట్యూటులో చెప్పు.

నేస్తూ కూడా వింటున్నాను. మా పెట్టె స్ప్రింగు నీరసపడిందని నీకు తెలుసు, సగం ప్లేటు దాటేసరికి పాట నిదానించి కిందికి జారుతుంది. మీ అక్క పక్కనే కండెలు చుట్టుకుంటూ, అది జారినప్పుడల్లా చేయి చాచి చావి తిప్పుతుంది. ఆమెకు అది రాట్నం తిప్పే పనిలాంటిదే. మొన్న ఏదో కూనిరాగం తీస్తుంటే గమ్మునుండమని కసిరాను, బూర విననీయడం లేదు.

వచ్చే అమావాస్య దాకా ప్లేటు నా దగ్గర ఉండనీ. కాదనకు.

తుమ్మముళ్లతో వేళ్లు గుచ్చుకున్న,
కాశన్న


నందలూరు
18 ఏప్రిల్ 1946

బావా,

భయం ఉంది, అయినా నిలబడ్డాడు అన్న నీ మాట చెబితే ఏసన్న ఇంకోసారి చెప్పమన్నాడు. తరువాత "మీ బావను చూడాల" అన్నాడు.

అసలు సంగతి వేరే ఉంది. యుద్ధం అయిపోయింది కదా, యుద్ధానికని తీసుకున్నవాళ్లను జూలై నుంచి వద్దంటున్నారు. ఆ జాబితా నా బల్ల మీదుగానే టైపుకు పోయింది. ఏసన్న పేరు పదకొండోది. నేనే కాగితం అందించి, ఆ సాయంత్రం అతనితో కలిసి టీ తాగాను. చెప్పలేకపోయాను. మర్నాడు చెప్పాను.

అతనికి ఒక దారి ఉంది. బొంబాయిలో ఒక పెద్ద హోటలు బ్యాండులో బూర వాయించేవాడు కావాలట. జూన్ 24న రమ్మన్నారు. ఎవరికి నచ్చింది వాళ్లు ఒంటరిగా వాయించి చూపాలి. ఏసన్న మన ప్లేటు రెండో వైపు వాయిస్తానని రాశాడు. ఆ బ్యాండు పెద్దకు ఆ ప్లేటు తెలుసునట. అంటే తప్పు పోతే పట్టేస్తాడు.

ఏసన్నకు కాగితం మీద స్వరం చదవడం రాదు. అంతా చెవి మీదే. నిన్న వాయించబోతే సగం దాకా వచ్చి ఆగిపోయాడు. "చెవిలోనే ఉండాదిలే అనుకుంటి, జారిపోయినాది" అన్నాడు. ప్లేటు దగ్గరుంటే నెల రోజుల్లో పట్టేస్తాడు. మే పదో తేదీలోగా గిడ్డయ్య చేతికి అందించు. ఒకటో తేదీ మీ అమావాస్య, అది కానిచ్చుకో, మర్నాడే పంపు.

ఈ ఒక్కసారి నా మాట విను,
వెంకటేశ్వర్లు


కోడుమూరు
9 మే 1946

వెంకటేశ్వర్లుకు,

నీ జాబు అందింది. ఎండలు మండుతున్నాయి. పడుగు గంజి పెట్టి ఆరేస్తే చేతికి వచ్చేలోపు పెళుసెక్కి తెగుతోంది. డోన్ బస్సు నాలుగు రోజులుగా సరిగా నడవడం లేదు. బస్సు మీద వేస్తే అంత సున్నితమైన వస్తువు ఏమవుతుందో చెప్పలేం. గిడ్డయ్య చెల్లెలి పెళ్లికి పోయాడని విన్నాను. నమ్మకమైన మనిషి దొరికితే పంపుతాను.

ఒక మాట అడుగుతాను. ఏసన్న మొదటి వైపు వాయిస్తే సరిపోదా? అది కూడా బాగానే ఉంటుంది కదా. బొంబాయివాళ్లకు హుషారైనది నచ్చుతుందేమో.

మీ అక్క బాగుంది.

కాశన్న


నందలూరు
19 మే 1946

కాశన్న బావకు,

గిడ్డయ్యకు చెల్లెలు లేదు. నిన్న మద్రాసు పార్సెలుతో ఇక్కడికి వచ్చాడు, నేనే అడిగాను. బస్సు రోజూ నడుస్తోందట.

నీ జాబు పది సార్లు చదివాను. ఎప్పుడూ నాలుగు పుటలు రాసేవాడివి, ఈసారి అర పుట. మొదటి వైపు చాలదా అని నువ్వు అడుగుతావా? రెండో వైపు విని నాడె ముట్టలేదన్నది నువ్వే కదా.

నాకు తోచింది రాసేస్తాను, లోపల పెట్టుకోలేను. ప్లేటు అమెరికా సోల్జరుదన్నప్పుడు నీకు ముద్దొచ్చింది. అది నిలబెట్టేది ఏసన్న బతుకు అని తెలిశాక నీ మాట మారింది. ఊరవతల పాలెం నుంచి వచ్చిన మనిషి కోసం అంత అవస్థ ఎందుకనా? అత్తమ్మ ఏమైనా అన్నదా? లేక సోమన్న ముందు, సాహెబు ముందు పెట్టుకుని గొప్ప చెప్పుకోవడానికి ఇంకో అమావాస్య కావాలా?

ఇక్కడ నా పరిస్థితి ఏమిటో తెలుసా? ప్లేటు వచ్చేసిందనీ, మా నాన్న పెట్టెలో పెట్టి తాళం చెవి తీసుకుని పుల్లంపేటకు పోయాడనీ ఏసన్నకు అబద్ధం చెప్పాను. అతను రోజూ డ్యూటీ దిగి బొగ్గు చేతులతో వచ్చి, "మీ నాయన వచ్చినాడా?" అని అడిగి పోతున్నాడు. ఇంకా ముప్పై ఆరు రోజులే ఉన్నాయి. ఆఫీసులో నా చేతికి పని అంటడం లేదు.

వెంకటేశ్వర్లు


కోడుమూరు
27 మే 1946

వెంకటేశ్వర్లుకు,

నా మీద వేసిన నింద చదివాను. ఏసన్న ఊదిన బూర నేను వినలేదు. అయినా అతని మనసు నాకు తెలుసనుకున్నాను. నా మనసు నీకు తెలియలేదు. పన్నెండేళ్లుగా మా ఇంట్లో అన్నం తిన్నవాడివి. అమ్మ ఏమీ అనలేదు. అన్నా నేను వినేవాణ్ణి కాదు. ఏ పాలెమో, ఏ వీధో అడిగి పాట వినే మనిషిని కాను నేను.

ప్లేటు వస్తుంది. ఎప్పుడు ఎట్లా అని అడగకు. అది వచ్చేదాకా నాకు రాయకు.

కాశన్న

వెంకటేశూ, నేను అక్కను. మీ బావ ఈ జాబు అంటించమని నాకిచ్చి మగ్గంలోకి దిగినాడు. అన్నం మెతుకుతో అంటించేలోపు చదివితిని. ఇట్ల పోతే మీరిద్దరూ చచ్చేదాకా మాట్లాడుకోరు. అందుకని చెప్తాండా.

ప్లేటు చెడిపోయినాది. అమావాస్య నాడు, పంపేలోపు ఒక్కసారి అని దర్జీ సాహెబు మిద్దె మీద పెట్టుకొని విన్యారు. భోజనానికి దిగినప్పుడు ప్లేటు పిట్టగోడ మీదనే మరిసినారు. వచ్చేసరికి అప్పడం మాదిరి లేచిపోయినాది. మీ బావ దాన్ని సాపు చేస్తానని ఎండకు కాలిన బేతంచెర్ల బండ మీద పెట్టి, పైన ఇంకో బండ ఎత్తినాడు. రాయి గీరుకుంటుందని కింద ఒక గుడ్డ, పైన ఒక గుడ్డ వేసినాడు, మనం నేసిన ముతక గుడ్డే. సాయంత్రానికి ప్లేటు సాపయినాది. కానీ మెత్తబడింది కదా, గుడ్డలో పోగులన్నీ దాని మొకాన అచ్చు పడినాయి. రెండో పక్క శానా పడినాయి. ఇప్పుడు ముల్లు పెడితే బూర లేదు, బరబర తప్ప.

అప్పటినుంచి ఆయనకు కూడు సయించట్లేదు. చెప్పమంటే ఏ మొకం పెట్టుకొని చెప్పేదని అంటాడు. నువ్వు ఆయన్ని అన్న మాట తప్పు.

నేను వస్తాండా. ప్లేటు తెస్తాండా. ఇంకొకటి కూడా తెస్తాండా, వచ్చినాక చెప్తా. ఏసన్నను యాడికీ పోనియ్యకు.

నాగలక్ష్మమ్మ


నందలూరు
8 జూన్ 1946

బావా,

మొదట నీ కాళ్లు పట్టుకోవలసిన మాట ఒకటుంది. నేను రాసిన ఆ నాలుగు వాక్యాలు చించి పొయ్యిలో వెయ్యి. సిగ్గుతో రాస్తున్నాను.

అక్క జూన్ రెండున దిగింది. ప్లేటును నాలుగు మడతల చీరలో చుట్టి, దారంతా ఒళ్లోనే పెట్టుకుని వచ్చింది. ఆ సాయంత్రమే ఏసన్నను పిలిపించింది. నేను అబద్ధం చెప్పానని అతని ముందే ఒప్పించింది. అతను నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. ప్లేటు చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. దాని మీద నీ నేత పోగు పోగునా కనిపిస్తోంది బావా, లెక్కపెట్టవచ్చు. ముల్లు పెట్టాం. చీర మడతలు విప్పుతున్నట్టు చప్పుడు, దాని వెనక ఎక్కడో బూర. ఏసన్న సగంలోనే ముల్లు ఎత్తేసి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. "ఇంక పొయ్యేదెందుకప్పా బొంబాయికి" అన్నాడు.

అప్పుడు అక్క చాప వేసి, "నిలబడి వింటే యాడ నిలుస్తుంది పాట, కూర్చో" అంది. అతను మా ఇంటి అరుగు మీద ఏనాడూ కూర్చోలేదు. ఆమె రెండోసారి అనేసరికి కూర్చున్నాడు. అక్క గోడకు ఆనుకుని, కుడి చేయి రాట్నం తిప్పుతున్నట్టు ఆడిస్తూ మొదలుపెట్టింది. మాటలు లేవు. తా అనీ రా అనీ నోటికి వచ్చిన శబ్దం. బావా, అది రెండో వైపు. అందరూ తప్పుకున్న దగ్గర మొదలుపెట్టి చివరిదాకా ఒక్క గమకం వదలకుండా పాడింది. ఏసన్న బొగ్గు మసి చేతులతో మొహం కప్పుకున్నాడు.

నువ్వు కసిరిన కూనిరాగం అదే.

అయిదు రోజులుగా ఇద్దరూ అరుగు మీదే ఉంటున్నారు. ఆమె ఒక ముక్క పాడుతుంది, అతను బూరలో పట్టుకుంటాడు. ఒక్కచోట మాత్రం తగాదా. చివర్లో బూర అలసిపోయినట్టు కిందికి వాలి, మళ్లీ లేస్తుందని ఆమె అంటుంది. ప్లేటులో అది లేదని అతను అంటాడు. ఆమె వదలదు. అది ఎక్కడిదో నాకు తెలుసు, మీ పెట్టె స్ప్రింగుది. నేను చెప్పబోతే ఇద్దరూ నన్ను గమ్మునుండమన్నారు.

ఇప్పుడు నీకు రాయడానికి కూడా భయపడుతున్న,
వెంకటేశ్వర్లు


కోడుమూరు
14 జూన్ 1946

వెంకటేశూ,

నువ్వు చించమన్నది చించేశాను. నేనూ తప్పు చేశాను. చెల్లెలు లేనివాడికి చెల్లెలిని పుట్టించి పెళ్లి చేశాను. ప్లేటు చెడిపోయిందని మొదటి రోజే రాసి ఉంటే ఏసన్నకు నెల రోజులు మిగిలేవి. ఆ నెల నేను తినేశాను. ఇది అతనికి నా మాటగా చెప్పు, మెత్తగా మార్చి చెప్పకు. ఎందుకు రాయలేదంటే, నొప్పి తగలకుండా వింటాడని అతను నా గురించి అన్న మాట పోతుందని. ఆ మాట మీద నాకు అంత ఆశ ఉండింది.

ఇంట్లో కండెలు చుట్టేవాళ్లు లేరు. అమ్మ చుడితే వదులవుతున్నాయి. మగ్గం నాలుగు రోజులుగా నిలిచే ఉంది. ఊరికే వీధిలోకి పోతాను, వస్తాను. దర్జీ సాహెబు నన్ను చూసి, "బీబీ గారు పాడుతుందని నాకు తెలుసు, నీకు తెలీదా?" అన్నాడు. గుడ్డలకని వచ్చినప్పుడు వాకిట్లో నిలబడి విన్నాడట. ఎందుకు చెప్పలేదయ్యా అంటే నువ్వు అడగలేదుగా అన్నాడు.

నేను అడగలేదు. నెలన్నర పక్కనే కూర్చుని చావి తిప్పిన మనిషిని, ఎట్లుండాది అని ఒక్కసారి అడగలేదు. సోమన్నను అడిగాను, సాహెబును అడిగాను, నందలూరులో ఉన్న నిన్ను అడిగాను. నూట అరవై మైళ్లు రైల్లో కూర్చుని పోయి ఆమె ఎవరో కొత్త మనిషికి పాడింది, నేను వినలేదు. నాకు కోపంగా కూడా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

ఆ వాలి లేచే చోటు మా పెట్టెదే. ఏసన్నను అది వదిలేయమను. బొంబాయి పెద్దకు ప్లేటు తెలుసునన్నావు కదా, పట్టేస్తాడు. మీ అక్కకు నా మాటగా చెప్పు, ఇప్పటికే ఒకటి చెడగొట్టాను, రెండో తప్పు మనింటి నుంచి పోకూడదు. ఆమె ఎప్పుడు వస్తుందో రాయి.

కాలు నిలవని,
కాశన్న


నందలూరు
1 జూలై 1946

బావా,

నిన్న ఏసన్న దిగాడు. నేరుగా స్టేషను నుంచి మా ఇంటికి వచ్చాడు. అక్కను పిలవమన్నాడు. ఆమె వచ్చేదాకా నేను పక్కన చెప్పులు విడిచి తొడుక్కుంటూ నిలబడ్డాను.

పదిహేను మంది వచ్చారట. అందరూ కాగితాలు పెట్టుకుని వాయించారు. ఇతనొక్కడే ఖాళీ చేతులతో నిలబడ్డాడు. మొదలుపెట్టేటప్పుడు ఆ వాలే చోటు వదిలేయాలనే అనుకున్నాడట, నీ మాట చెప్పాను కాబట్టి. కానీ అక్కడికి వచ్చేసరికి అక్క చేయి కళ్ల ముందు ఆడిందట. వాలిపోయాడు, ఆగాడు, లేచాడు.

బ్యాండు పెద్ద చేయి ఎత్తి ఆపించాడు. "ఈ ప్లేటు నా దగ్గర ఉంది, ఇందులో ఈ చోటు లేదే" అన్నాడట ఆ పెద్దమనిషి హిందుస్తానీలో. ఏసన్న ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కర్నూలు జిల్లాలో ఒక ఇంట్లో పెట్టె ఉంది, దాని స్ప్రింగు నీరసం, ఒక అమ్మ చావి తిప్పుతుంది, ఆమె దగ్గర నేర్చుకున్నాను అని. అతను నవ్వలేదట. ఆ ముక్క మళ్లీ వాయించమన్నాడు. ఇంకోసారి వాయించమన్నాడు. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాడట.

ఆగస్టు ఒకటి నుంచి పని. మొదట మూడు నెలలు చూస్తారు, తరువాత ఖాయం చేస్తారు. మధ్యలో కాగితం చదవడం నేర్చుకోవాలి.

ఏసన్న ప్లేటు తీసుకుపోనన్నాడు. మీ ఇంట్లోనే ఉండాలట. "దాంట్లో ఇప్పుడు మీ బావ నేత కూడా ఉండాది, వేరే యాడ పెట్టినా బాగుండదు" అన్నాడు. అక్క బయలుదేరుతోంది. ఈసారి కూడా ఒళ్లోనే పెట్టుకుంటుందట, నన్ను ముట్టనీయడం లేదు.

జాబితాలో పదకొండో పేరు మీద ఈ రోజు గీత పడింది. నేనే గీశాను.

వెంకటేశ్వర్లు


కోడుమూరు
10 జూలై 1946

వెంకటేశూ,

మీ అక్క క్షేమంగా చేరింది. బస్సు దిగగానే కండెలు ఎట్లా చుట్టారో చూసి అమ్మను ఏమీ అనలేదు, నన్ను అంది.

మూడు రోజులు నేను అడగలేదు, ఆమె పాడలేదు. ఇద్దరం అటూ ఇటూ తిరిగాం. నాలుగో రోజు, అమావాస్య కాకపోయినా, మగ్గం ఆపేసి గుంటలోంచి పైకి వచ్చాను. నీలం చీటీ ప్లేటు పెట్టి, కొత్త తుమ్మముల్లు చెక్కి, పీట ఆమె వైపు జరిపాను. ఎట్లుండాదో నువ్వు చెప్పు, నేను వింటా అన్నాను. చేతిలో ఉన్న కండె చివరిదాకా చుట్టింది. తరువాత కండెల బుట్ట పక్కన పెట్టి కూర్చుంది.

ప్లేటు బరబరమంటుంది. ఆమె దాని మీద పాడుతుంది. సోమన్న, సాహెబు ఇప్పుడు ముందే చెప్పి వస్తున్నారు. కర్నూలులో స్ప్రింగు కొత్తది వేయిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు.

చావి నేను తిప్పుతున్నాను. అది అనుకున్నంత సులువు కాదు. ఆలస్యమైతే కన్నెర్ర చేస్తుంది. ముందే చేయి చాచితే, "ఆగు, ఇంకా వాలనీ" అంటుంది. ఆగుతున్నాను.

కాశన్న